‘మీ ఇష్టం’ అనే బటన్

ఆరిన బట్టలు మడతపెడుతుంటే భర్త అడిగాడు: “ఆదివారం మా అక్కావాళ్ళింటికి వెళ్దామా?”

“మీ ఇష్టం,” అంది ఆమె, చొక్కా కాలర్ సరిచేస్తూ. పన్నెండేళ్ళ కాపురంలో ఆ రెండు మాటలూ నాలుక చివరే ఉంటాయి. “మా కోడలు నోట్లో నాలుక లేని పిల్ల,” అని అత్తగారు వచ్చినవాళ్ళందరి దగ్గరా మురిసిపోతారు.

ఆమె ఉద్యోగం వైద్య కళాశాల లైబ్రరీలో. ఒక మందు మీద వచ్చిన పరిశోధనలన్నీ ఇద్దరు విడివిడిగా చదివి, పనికొచ్చేవి తేల్చి, సమీక్ష రాయాలి. పోయినసారి ప్రొఫెసర్‌గారూ తనూ ఒకే ఎక్సెల్ షీటులో మూడు వేల పేపర్లు జల్లెడ పట్టారు. ఆయన గడిలో పెట్టింది చూశాక ఆమె తన గడి మార్చేసేది. సమీక్ష అచ్చయ్యాక రచయితల్లో ఆమె లేదు. చివర “లైబ్రరీ సిబ్బందికి కృతజ్ఞతలు” అని ఉంది. “సిబ్బందంటే నువ్వేగా!” అని భర్త నవ్వాడు.

ఈసారి సాఫ్ట్‌వేర్ ఎంచే పని ఆమెకే అప్పగించారు. ఒకటి రిఫరెన్సులు సర్దుతుంది, ఇంకొకటి పటాలు గీస్తుంది. మూడోది తెరిచి అలాగే ఉండిపోయింది. అందులో ఒకరి నిర్ణయం ఇంకొకరికి కనబడదు. ఉంచు, తీసెయ్, సందేహం: మూడే బటన్లు. ‘మీ ఇష్టం’ అనే బటన్ లేదు. వెతికింది కూడా, పిచ్చిది! తీసెయ్యాలంటే కారణం రాయనిదే ముందుకు కదలదు. పెళ్ళయ్యాక ఆమె పీహెచ్‌డీని సగంలో తీసేసినప్పుడు కారణం అడిగిన దిక్కు లేదు. నమూనాగా యాభై పేపర్లు చదివింది. ప్రతి నిర్ణయం పక్కనా ఆమె పేరే. తనకి ఇన్ని అభిప్రాయాలున్నాయా!

అవే యాభై ప్రొఫెసర్‌గారూ చదివారు. ఇద్దరూ ముగించాక పోల్చి చూస్తే ఏడింట్లో తేడా.

“ఇదేంటమ్మా? పాత షీటులో మనకి ఒక్క తేడా అయినా వచ్చిందా? అదే హాయి కదా?”

‘మీ ఇష్టం సార్’ పెదవుల దాకా వచ్చింది. మింగేసింది.

“మీది చూసి నాది మార్చేదాన్ని సార్, అందుకే రాలేదు. ఈసారి మార్చను. ఇదే కొందాం. రచయితల్లో నా పేరుండాలి.”

ఆయన కళ్ళజోడు తీసి, ఆ ఏడూ మళ్ళీ చదివారు. నాలుగింట్లో ఆమెదే సరి అని ఒప్పుకున్నారు. “ఉంటుందమ్మా,” అన్నారు.

సాయంత్రం భర్త మళ్ళీ అదే ప్రశ్న. “ఆదివారం వెళ్తున్నట్టేగా? నేనైతే...”

“ఆగండి, మీదేమిటో చెప్పకండి.” ఆమె ఒక కాగితాన్ని రెండుగా చింపి, ఒక ముక్క అతని చేతిలో పెట్టింది. “చెరోటీ రాద్దాం. కారణంతో సహా.”