హర్షిణి చేతిలో పానా

శ్రావణ్ బోధన్ నుంచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రుద్రూర్ దాటి ఊరి మలుపు తిరగగానే, వాకిట్లో ఫియట్ కారు బానెట్ లేచి ఉండడం కనిపించింది. దాని కింద రెండు తలలు. నెరిసిన తల తండ్రి రాందాస్‌ది, జడ వేసుకున్న తల భార్య హర్షిణిది. ఏదో మాటకు ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. శ్రావణ్ బండికి స్టాండ్ వేసి, కావాలనే చప్పుడు చేస్తూ చెప్పులు విడిచాడు. ఎవరూ తలెత్తలేదు.

తండ్రి అలా నవ్వగలడని అతనికి ఈ మధ్యే తెలిసింది.

ఆ ఫియట్ చెరకు బాగా పండిన రోజుల నాటిది. నిజామాబాద్‌లో ఒక డాక్టరు అమ్ముతుంటే రాందాస్ కొన్నాడు. తర్వాత చక్కెర ఫ్యాక్టరీ మూతపడింది, చెరకు పోయి పొలమంతా వరి అయింది. కారు మాత్రం వాకిట్లోంచి కదల్లేదు. చిన్నప్పుడు శ్రావణ్ దాని దగ్గరికి వెళ్తే చాలు, "ముట్టకు! అవుతలికి వో!" అని తండ్రి కేక వేసేవాడు. పానా అందించమంటే అందించేవాడు. అది ఎప్పుడూ వేరే నంబరు పానాయే అయ్యేది. కొన్నాళ్ళకు ఆ పక్కకు పోవడమే మానేశాడు. ఇప్పుడు విత్తనాల కంపెనీ పని మీద ఊరూరా తిరుగుతాడు, ఎందరో రైతులతో గంటల తరబడి మాట్లాడతాడు. ఇంట్లో తండ్రితో మాత్రం "తిన్నవా?" అంటే "తిన్న" అనడం దాకానే.

హర్షిణి ఆర్మూర్ వైపు పసుపు రైతుల బిడ్డ. పెళ్ళయి వచ్చాక ఒకరోజు వాకిలి ఊడుస్తూ, "మామా, గీ కారు ఎందుకు నడుస్తలేదు?" అని అడిగింది. అంతే. ఆ ఒక్క ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నవాడిలా రాందాస్ చెప్పడం మొదలుపెట్టాడు, ఇంకా ఆపలేదు.

"ఇద్దరు గల్సి గా బండిల జొర్రిన్రంటె బువ్వ యాదికుండది," అని శ్రావణ్ తల్లి గంగుబాయి గొణుగుతుంది గానీ, ఆ గొణుగుడులో కోపం లేదు. కోపమంతా శ్రావణ్ దగ్గరే ఉంది. భార్య మీదో తండ్రి మీదో అతనికే తేలడం లేదు. పెళ్ళాం మీద అసూయ పడే మొగుణ్ణి తనెక్కడా చూడలేదు.

ఆ రాత్రి అన్నం తింటూ హర్షిణి చెప్పింది. "పొద్దుగాల మంచిగనే స్టార్ట్ అయితది. జెరసేపటికి నల్ల పొగ ఇడిసి ఆగిపోతది. కార్బురేటర్ల కెల్లి పెట్రోల్ కారుతది. ప్లగ్గులన్ని తడుస్తున్నయ్."

"గదెందుకట్ల?"

"మన నీళ్ల ట్యాంకుల బాలు ఉంటది సూడు, గట్లనే కార్బురేటర్ల ఫ్లోటు ఉంటది. పెట్రోల్ నిండంగనే అది పైకి తేలి, సూదిని నూకి తొవ్వ బంద్ చేస్తది. మన దాంట్ల బంద్ ఐతలేదు. గందుకే ఓవర్‌ఫ్లో. సూది అరిగిందేమో అంటున్నడు మామ. నువ్వు నిజామాబాద్ పోయినప్పుడు పాత సామాన్ల దుకాణంల సూది కిట్టు తేరాదు?"

"తెస్త," అన్నాడు.

తేలేదు. మర్నాడు ఆ దుకాణం ముందు నుంచే వెళ్ళాడు. బండి వేగం కూడా తగ్గించలేదు. ఇంటికొచ్చి "యాద్ మర్సిన" అన్నాడు. ఆ తర్వాత మళ్ళీ అదే మాట అన్నాడు. అప్పుడు వాకిట్లోంచి తండ్రి గొంతు వినిపించింది.

"వాన్ని అడుగకు బిడ్డా. మనమే పోదాం."

కోపం లేకుండా, ఉన్న సంగతి చెప్తున్నట్టు అన్నాడు. ఆ 'బిడ్డా' అన్న పిలుపు శ్రావణ్ చెవిలోనే ఉండిపోయింది. తనను ఆయన ఎన్నడూ 'అరేయ్' అని తప్ప మరోలా పిలవలేదు.

మర్నాడు మధ్యాహ్నం నిజామాబాద్ బస్టాండ్ దగ్గర ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, రోడ్డు పక్క హోటల్లో వాళ్ళిద్దరూ కనిపించారు. టేబుల్ మీద మిర్చీలు, పక్కన చిన్న ప్లాస్టిక్ కవర్. రాందాస్ సాసర్‌లో చాయ్ పోసి, అందులో చెంచాను పైకీ కిందికీ ఆడిస్తూ ఏదో వివరిస్తున్నాడు. హర్షిణి ఇటు నుంచి అడ్డు చెప్తోంది. ఆయన తల అడ్డంగా ఊపి, కాసేపు ఆలోచించి, ఒప్పుకున్నట్టు చేతులెత్తాడు.

లోపలికి వెళ్ళొచ్చు. కుర్చీ లాక్కుని కూర్చోవచ్చు. శ్రావణ్‌కు అదే ఊళ్ళో హాస్టల్లో తనను చేర్చడానికి తండ్రి తీసుకొచ్చిన రోజు గుర్తొచ్చింది. బస్సులో పక్కపక్కనే కూర్చుని, దారంతా ఆయన కిటికీలోంచి బయటికే చూశాడు. వెనక ఎవరో హారన్ కొట్టారు. శ్రావణ్ బండి ముందుకు పోనిచ్చాడు.

కొత్త సూది వేసినా రోగం కుదర్లేదు. ఒక పూట బాగుండేది, మళ్ళీ అదే ఓవర్‌ఫ్లో. రాందాస్ ముఖం ముడుచుకుపోయింది. అది చూసి శ్రావణ్ మనసు తేలికపడింది. ఆ వెంటే ఒక ఆలోచన పుట్టింది. అది తానే బాగుచేస్తే?

ఆదివారం ఉదయం తండ్రి కాలువ నీళ్ళు చూడ్డానికి పొలం వెళ్ళాడు. అత్తాకోడళ్ళు సామాన్లకు కోటగిరి వెళ్ళారు. శ్రావణ్ ఫోన్లో వీడియో పెట్టుకుని, బానెట్ లేపి, కార్బురేటర్ పైమూత విప్పాడు. లోపల బొటనవేలంత ఇత్తడి ఫ్లోటు ఉంది. బయటికి తీసి ఊపి చూశాడు. లోపల ఏదో కదిలినట్టు గులగులమంది. అలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు. ఇంతలో డీలరు ఫోన్ చేస్తే ఫ్లోటును ఎండలో గోడ మీద పెట్టి లోపలికి వెళ్ళి చాలాసేపు మాట్లాడాడు. తిరిగొచ్చి, వీడియోలో చూపినట్టే ఫ్లోటుకున్న, సూదిని నెట్టే చిన్న నాలుకను పటకారుతో వంచాడు. అన్నీ బిగించి తాళం తిప్పాడు.

ఇంజను ఎంత నున్నగా అందుకుందంటే, ఒంటరిగా ఉన్నా అతను గట్టిగా నవ్వేశాడు. తండ్రి పొలం నుంచి వచ్చి గేటు దగ్గరే ఆగిపోవడం, ఆ చప్పుడు వినడం, "ఎవలు చేసిన్రు?" అనడం... అన్నీ ఊహించుకున్నాడు. ఆ ఊహ పూర్తయ్యేలోపే వాసన వచ్చింది. కార్బురేటర్ పక్క నుంచి పెట్రోల్ ధారగా కారుతోంది. ఇంజను ఆపి, గుడ్డతో తుడిచి, బానెట్ దించేసి స్నానానికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం రాందాస్ పైమూత విప్పాడు. వసారాలో కూర్చుని ఫోన్ చూస్తున్నట్టు నటిస్తున్న శ్రావణ్‌కు కేక వినిపించింది.

"గీ నాలుక ఎవలు వంచిన్రు? ఫ్లోటు ముట్టద్దని చెప్పిన గద నీకు!"

"నేను ముట్టలే మామా."

"నువ్వు గాకుంటె ఇంకెవలు? సక్కగున్నదాన్ని ఖరాబ్ చేస్తివి!"

శ్రావణ్‌కు ముందు కలిగింది సంతోషం. చాలా రోజులుగా ఎదురుచూసిన కేక అది. తండ్రి ఆమె మీద అరుస్తున్నాడు, చిన్నప్పుడు తన మీద అరిచినట్టే. ఇంకా అరవాలనిపించింది. హర్షిణి తగ్గలేదు. "ముట్టలేదంటె ఇనవా? నాకు అబద్ధమాడే పనేంది?"

"గీ ఇంట్ల నీకు నాకు దప్ప గిది ఎవలకు తెల్సు?" అన్నాడు రాందాస్.

ఆ మాటతో సంతోషం చప్పున ఆరిపోయింది. తండ్రి పది అడుగుల దూరంలో ఉన్న కొడుకు వైపు కనీసం చూడనన్నా చూడలేదు. అనుమానం కూడా రాలేదు. చివరికి ఆ తిట్టు కూడా తనది కాలేదు.

శ్రావణ్ లేచి వాకిట్లోకి వచ్చాడు. "నేనే వంచిన," అన్నాడు. అది నిజం చెప్పిన గొంతులా లేదు, తగువుకొచ్చిన గొంతులా ఉంది.

రాందాస్ పటకారు కింద పెట్టాడు. "నువ్వా? నీకెందుకిది?"

"నాకెందుకా? ఎన్నడన్న నాకు నేర్పినవా నువ్వు?"

"ఎన్నడన్న అడిగినవా?"

"ఎట్ల అడుగుదు? దగ్గరికొస్తె చాలు, అర్సుడే."

"నన్ను గూడ అర్సిండు," అంది హర్షిణి. "ఇప్పుడే అర్సిండు, సూస్తలేవా?"

రాందాస్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. ఎంత తుడిచినా నూనె మరక పోవడం లేదు. "అర్సిన," అన్నాడు చివరికి. "గీ పిల్లను అరుస్తె తిరిగి అరుస్తది. నువ్వు ఉరికి మీ అవ్వ ఎన్క నిలవడ్తుంటివి. మల్ల పిలుస్తె రావేమోనని... నేను పిలువలే."

ఆ మాటలో క్షమాపణ లేదు. శ్రావణ్ దానికోసం కాసేపు ఎదురుచూశాడు కూడా. రాలేదు. రాందాస్ ఫ్లోటును అరచేతిలో తిప్పుతూ, "ఇంకేం జేసినవ్ దీన్ని?" అన్నాడు.

"ఏం జెయ్యలే. తీసి ఊపి సూసిన. గులగుల అన్నది. ఎండల వెట్టి ఫోన్ మాట్లాడొచ్చిన."

రాందాస్ తల ఎత్తాడు. "గులగుల అన్నదా?"

ఆయన ఫ్లోటును చెవి దగ్గర ఊపాడు. కొన్నేళ్ళుగా ఆయనకు సన్నని చప్పుళ్ళు వినపడవు. ఏమీ తెలియక హర్షిణికిచ్చాడు. ఆమె విని కళ్ళు పెద్దవి చేసింది. "మామా, లోపల పెట్రోలున్నది!"

గంగుబాయి గిన్నెలో నీళ్ళు మరగబెట్టి, పొయ్యి ఆర్పి వాకిట్లోకి తెచ్చింది. ఫ్లోటును వేడినీళ్ళలో ముంచగానే దాని అంచు నుంచి సన్నని బుడగల వరుస పైకి లేచింది. సూది మొనంత కన్నం. అందులోంచి లోపలికి పెట్రోల్ చేరి, ఫ్లోటు బరువెక్కి మునిగిపోతోంది. విప్పి కాసేపు బయట పెట్టినప్పుడు లోపలిది కొంత ఆవిరై తేలుతోంది, మళ్ళీ నిండి మునుగుతోంది. అందుకే ఆ ఒక పూట బాగు.

"సూది కాదు, ఇది!" అని రాందాస్ తొడ చరుచుకున్నాడు. "ఫ్లోటు నేను తప్ప ఎవలు ముట్టద్దంటి. నాకేమో ఇనవడకపాయె."

బుడగలు పూర్తిగా ఆగేదాకా నీళ్ళు మార్చి మార్చి ఉంచారు. మర్నాడు పొద్దున బాగా ఆరాక కన్నానికి సీసంతో మాటు వేయాలి. రాందాస్ చేతులు వణుకుతాయి. సోల్డరింగ్ కడ్డీ తీసి ఇద్దరి వైపూ చూసి శ్రావణ్‌కు అందించాడు.

"సీసం సన్నగ వెయ్యి. బరువైతె మల్ల మునుగుతది. గట్ల కాదు! గట్ల కాదంటున్న!"

శ్రావణ్ కాళ్ళు వెనక్కి పోబోయాయి. "జెర ఆగు బాపు, సూస్తున్న గద!" అన్నాడు. గొంతు తాను అనుకున్నదానికన్నా పెద్దగా వచ్చింది. గంగుబాయి వంటింట్లోంచి తొంగి చూసింది. రాందాస్ ఆగాడు.

కన్నం పూడింది. నాలుకను మళ్ళీ సరిచేసి బిగించారు. మధ్యాహ్నం దాకా ఇంజను నడిపినా చుక్క కారలేదు. రాందాస్ కొడుకును స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తాను పక్కన కూర్చుని, కాలువ గట్టు వెంట ఊరవతల దాకా తీసుకెళ్ళాడు. గేరు మార్చినప్పుడల్లా ఏదో ఒకటి అంటూనే ఉన్నాడు. శ్రావణ్ ఏదో ఒకటి బదులిస్తూనే ఉన్నాడు. హర్షిణి వెనక సీట్లో కూర్చుంది. తిరిగొచ్చేదాకా మాట్లాడలేదు.

సాయంత్రం గదిలో బట్టలు మడతపెడుతోంది.

"ఏమైంది?" అన్నాడు శ్రావణ్.

"ఏం గాలే." రెండు చీరలు మడిచాక అంది, "మాటేసుడు నాకు నేర్పిస్తనన్నడు మామ. ఎప్పటి సంది అంటున్నడు. నీ చేతికిచ్చిండు."

అతనికి నవ్వొచ్చింది. కానీ నవ్వలేదు. ఆ నొప్పి ఎక్కడ గుచ్చుకుంటుందో అతనికి బాగా తెలుసు.

"రేపు అడుగు. నేర్పుతడు."

"నువ్వు గూడ ఉంటవా?"

"ఉంట," అన్నాడు.

ఆ మాట ఆమెకు నచ్చలేదని చీర మడిచే తీరులోనే తెలిసింది. అయినా శ్రావణ్ దాన్ని వెనక్కి తీసుకోలేదు.