లోపలున్నవాడి బిళ్ల

మా మ్యూజియానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది నిప్పు గురించి కాదు, నీళ్ల గురించి. "పైకప్పు కారుతోందామ్మా?" అంటారు. కారడం లేదంటే నమ్మరు. పాత ఫైర్ స్టేషన్ని మూసేసి, ఊరి అగ్నిమాపక శాఖ చరిత్రంతా అందులో పేర్చి పెట్టమని నాకు అప్పజెప్పిన రోజు నుంచీ నేను చెబుతున్నది ఒకటే: నీళ్లు పైనుంచి కారడం లేదు, హాల్లో నిలబెట్టిన పాత ఫైరింజన్ బండి నుంచి కారుతున్నాయి. పంపు పక్కన నీళ్లు బయటికొచ్చే ఇత్తడి మూతి ఉంటుంది, దాని నుంచి బొట్టు బొట్టుగా. కింద బకెట్ పెడితే సాయంత్రానికి నిండుతుంది. ఆ బండి ట్యాంకు ఎండిపోయి ఎన్నేళ్లయిందో మెకానిక్కే మర్చిపోయాడు.

గాల్లో తేమ అన్నాడు ఇంజనీరు. ఎలుకలన్నాడు వాచ్‌మన్. ఎలుకలు నీళ్లెలా కారుస్తాయని నేనడగలేదు, అడిగితే దానికీ ఏదో ఒకటి చెప్పేవాడు. మూతి దగ్గరున్న చక్రం తిప్పి కట్టేస్తే సరిపోతుందిగా అని మీరనొచ్చు. ఆ చక్రం జోలికి మాత్రం శాఖలో ఎవరూ పోరు. ఎందుకో చెబుతాను.

బండి వెనక ఒక చెక్క పలక ఉంది, దాని మీద రెండు వరుసల కొక్కేలు. పై వరుస పక్కన 'బయట' అని, కింది వరుస పక్కన 'లోపల' అని తెల్ల రంగుతో రాసి ఉంటుంది. మంటల్లోకి వెళ్లేవాడు తన పేరు చెక్కిన ఇత్తడి బిళ్లని పైనుంచి తీసి కింద తగిలించి వెళ్తాడు. తిరిగొచ్చాక మళ్లీ తనే పైకి మార్చుకుంటాడు. ఒకరి బిళ్ల ఇంకొకరు ముట్టుకోకూడదు, ఆఫీసరైనా సరే. కింద ఒక్క బిళ్ల వేలాడుతున్నంతసేపూ పంపు దగ్గరివాడు నీళ్లు ఆపకూడదు. బతికున్నవాళ్ల కోసం పెట్టుకున్న నియమం అది.

కింది వరుసలో ఒకే ఒక్క బిళ్ల ఉంది. అది మా నాన్నది.

నూలు గోడౌన్ అంటుకున్న రోజు నాన్న, ఆయన స్నేహితుడు కలిసి లోపలికెళ్లారు. ఆ స్నేహితుణ్ణి నేను బాబాయ్ అంటాను. బాబాయ్ బయటికొచ్చి తన బిళ్ల పైకి మార్చుకున్నాడు. ఆ వెంటనే కప్పు కూలింది. బూడిదంతా జల్లెడ పట్టారు. ఎముక కాదు కదా, బెల్టు బకిల్ కూడా దొరకలేదు. మనిషి దొరక్కపోతే బిళ్ల తీసే హక్కు ఎవరికీ లేదు కాబట్టి బిళ్ల అక్కడే ఉండిపోయింది, చక్రం తెరిచే ఉండిపోయింది. అప్పటికి నేను ఇంకా స్కూల్లో ఉన్నాను. ఇప్పుడు నా తల సగం నెరిసింది.

అమ్మ ఏడవలేదు. రాయిలాంటి మనిషి అన్నారు చుట్టుపక్కలవాళ్లు. "ఆయన డ్యూటీలో ఉన్నారు, బిళ్ల కిందే ఉందిగా" అనేది అమ్మ, నాన్న కూరలకి వెళ్లాడన్నంత మామూలుగా. వారానికోసారి వచ్చి, పిల్లలకి జ్వరం చూసినట్టు, బిళ్ల మీద చెయ్యి వెనక్కి తిప్పి ఆనించి చూసేది. "వేడిగానే ఉంది" అని తృప్తిగా వెళ్లిపోయేది. కిటికీలోంచి ఎండ తగిలి ఉంటుందని నేను అనేదాన్ని. పలక ఉన్న వైపు కిటికీయే లేదని నాకూ తెలుసు. నేనెప్పుడూ ముట్టుకుని చూడలేదు. చూడకపోతే వాదించడం తేలిక.

బాబాయ్‌తో మాత్రం అమ్మ ఆ రోజు నుంచి మాట్లాడలేదు. పేరెత్తాల్సి వస్తే "ఆ మనిషి" అంటుంది. అంతకు ముందు మరిదీ మరిదీ అంటూ ఆయనకి పెట్టందే తను తినేది కాదట. ఆ మనిషే పెద్దాఫీసరై, రిటైరై, మా మ్యూజియం కమిటీకి అధ్యక్షుడయ్యాడు.

ప్రారంభోత్సవం దగ్గర పడ్డాక ఒక ఉదయం బాబాయ్ వచ్చాడు. చేతిలో కొత్తగా అచ్చయిన కరపత్రం ఉంది. 'మన శాఖ ఏనాడూ ఎవరినీ లోపల వదిలి రాలేదు' అని మొదటి పేజీలోనే ఉంది.

"పలక శుభ్రం చేయించు తల్లీ. బిళ్లలన్నీ తళతళా మెరవాలి. అన్నీ పై వరుసలోనే ఉండాలి" అన్నాడు.

"నాన్నది కూడానా?"

"కింద ఒక్కటుంటే చూసేవాళ్లు అడుగుతారు కదా."

"అడిగితే చెబుదాం."

"ఏం చెబుతావ్?" అన్నాడు. నా మొహంకేసి చూడకుండా కళ్లజోడు తుడుచుకున్నాడు. "నేనైతే ముట్టుకోకూడదు. నువ్వు శాఖ మనిషివి కాదుగా, నీకా పట్టింపు లేదు."

పిల్లి మెడలో గంట కట్టే పని నాకు తోశాడని అర్థమైంది. అయినా నేను కాదనలేదు. నిజం చెప్పాలంటే నాకూ విసుగెత్తింది. అందరి నాన్నల్లాగే మా నాన్న కూడా చచ్చిపోయుంటే బావుండునని, ఫొటోకి ఒక దండేసి ఊరుకునేవాళ్లమని ఎన్నిసార్లు అనుకున్నానో. బతికి లేక, చావు రాక, ఒక కొక్కేనికి వేలాడే తండ్రితో నేను అలిసిపోయాను.

బాబాయ్ వెళ్లాక హాలు చివర ఉన్న చిన్న గదిలోంచి పాలిష్ డబ్బా తెచ్చుకున్నాను. ఒకప్పుడు తడిసిన గొట్టాలు ఆరబెట్టిన గది అది. ఇప్పుడు అందులో రంగు డబ్బాలు, చీపుళ్లు పెట్టుకుంటున్నాం. నాన్న బిళ్ల మీద చెయ్యి వేశాను. పొయ్యి మీది పెనం తాకినట్టయి వదిలేశాను. బిళ్ల నేల మీద పడి, గింగిరాలు తిరిగి ఆగింది. మళ్లీ తీసేసరికి చల్లగా ఉంది, మామూలు ఇత్తడిలాగే. నా వేళ్లు మాత్రం ఎర్రగా కమిలాయి.

అప్పుడు గమనించాను. హాల్లో నీటి చప్పుడు లేదు. మూతి చివర ఆఖరి బొట్టు కాసేపు వేలాడి, జారకుండానే ఆరిపోయింది.

నేను సంతోషించాను. తడి తుడిచేశాను. ఆ నేల పొడిగా ఉండటం నేను చూడటం అదే మొదటిసారి. పీడ విరగడైందనుకుంటూ, బిళ్లని గుడ్డలో చుట్టి బల్ల సొరుగులో పడేసి అన్నం తినడానికి కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునే లోపు బండిలోంచి చప్పుడు వచ్చింది.

ఠంగ్. ఠంగ్.

ఇనుప గొట్టాన్ని లోపలి నుంచి ఎవరో దేనితోనో కొడుతున్న చప్పుడు. ఆగింది. మళ్లీ వచ్చింది. లోహం వేడికి సాగితే అలాంటి చప్పుళ్లు వస్తాయని నాకు నేనే చెప్పుకున్నాను. ఏ వేడికి సాగిందో మాత్రం చెప్పుకోలేకపోయాను. హాలు మెల్లగా ఉడుకెత్తుతోంది. కాలిన నూలు వాసన. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

అమ్మ వచ్చే రోజు అదే. గుమ్మంలో అడుగు పెట్టగానే ఆగి నేలకేసి చూసింది. పొడి నేల. తర్వాత పలకకేసి చూసింది.

"ఎవరే తీసింది?"

"పాలిష్ కోసమని నేనే…"

"మీ నాన్నకి నీళ్లు ఆపేశావే!" అంది. అరవలేదు. అరిచినా బావుండేది. "లోపల మంట ఆరలేదే తల్లీ. ఇన్నాళ్లూ నీళ్లున్నాయి కాబట్టి నిలబడ్డారు."

ఠంగ్. ఠంగ్. ఈసారి తొందరతొందరగా.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. సొరుగులోంచి బిళ్ల తీసి కింది కొక్కేనికి తగిలించాను. జారి పడింది. మళ్లీ తగిలించాను, మళ్లీ పడింది. కొక్కెం వంకరగా ఏమీ లేదు. ఎవరి బిళ్ల వాళ్లే తగిలించాలి, మరి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఏడుపొచ్చేసింది. చక్రం అటూ ఇటూ తిప్పాను, కుళాయి నుంచి నీళ్లు తెచ్చి మూతిలో పోశాను, పిచ్చిదాన్లా. అమ్మ ఇదంతా చూసి, "ఆ మనిషిని పిలువు" అంది.

బాబాయ్ ఇల్లు పక్క వీధిలోనే. వస్తూనే "ఏమైందమ్మా, ప్రారంభోత్సవం ముందు ఈ గొడవేంటి" అని మొదలెట్టినవాడల్లా ఆ చప్పుడు వినగానే నోరు మూసేశాడు. గోడ పట్టుకున్నాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. దానికి నాకు ఎక్కువ భయమేసింది.

"రెండు దెబ్బలంటే నీళ్లు కావాలని" అన్నాడు నాతో.

"తెలుసు" అంది అమ్మ గోడకి చెబుతున్నట్టు.

బాబాయ్ అమ్మ వైపు తిరిగాడు. "వదినా, ఆ రోజు కూడా ఇలాగే కొట్టాడు. నేను గుమ్మం దగ్గరికొచ్చేశాను, కప్పు ఇంకా కూలలేదు. కొడుతూనే ఉన్నాడు. వినబడింది. వెనక్కి వెళ్లలేకపోయాను. విచారణలో వినబడలేదని రాసిచ్చాను."

అమ్మ వెళ్లి బండి గొట్టం మీద చెయ్యి ఆనించింది. నేనైతే ఆయన చొక్కా పట్టుకుని ఊపేసేదాన్ని. ఆ కరపత్రం అచ్చేయించింది ఈయన, బిళ్ల తీయించింది ఈయన, తీసింది నేను. ఎవరి చొక్కా పట్టుకోవాలో తెలియలేదు.

"ఇప్పుడూ వినబడుతోందిగా" అంది అమ్మ.

"వినబడుతోంది వదినా."

ఆయన బండి వెనక్కి వెళ్లాడు. పై వరుసలో తన బిళ్ల వెతుక్కుని తీశాడు. కింది వరుసకి తగిలించాడు. అది జారలేదు. కళ్లజోడు తీసి నా చేతిలో పెట్టి, "లోపల ఇది పనికిరాదమ్మా, పొగ పట్టేస్తుంది" అన్నాడు, సినిమాకి వెళ్తూ గొడుగు ఇచ్చినట్టు.

"ఎక్కడికి బాబాయ్?"

ఆయన హాలు చివరికి నడిచి రంగు డబ్బాల గది తలుపు తీశాడు. లోపల రంగు డబ్బాలు లేవు. నల్లటి పొగ, దాని వెనక ఎక్కడో చాలా దూరాన ఎర్రటి వెలుగు. ఆ గది నాలుగడుగులు కూడా ఉండదు. వేడి మా మొహాలకి కొట్టింది. నేను ముందుకి ఉరకబోతే అమ్మ నా రెక్క పట్టుకుంది. ఆ పట్టు గుర్తులు వారం దాకా ఉన్నాయి. బాబాయ్ ఒంగి, మోచెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లాడు. తలుపు దానంతటదే మూసుకుంది.

అమ్మ వదిలాక పరుగెత్తాను. గడియ కాలుతోంది. చున్నీ చుట్టుకుని లాగాను. రంగు డబ్బాలు. చీపుళ్లు. గోడ. గోడని రెండు చేతులతో బాదాను. వెనక నుంచి బకెట్‌లో నీళ్లు పడుతున్న చప్పుడు వినబడింది. ఈసారి బొట్లు కాదు, ధార.

ఆయన ఇంటివాళ్లకి నేనేం చెప్పను? హాల్లోకొచ్చారు, తర్వాత కనబడలేదన్నాను. అబద్ధం కాదు. ఆయన కళ్లజోడు నీ దగ్గరెందుకుందని పోలీసులు అడిగారు. తుడవమని ఇచ్చారన్నాను. పెద్ద వయసు, మతిమరుపు, ఎటో వెళ్లిపోయుంటాడని తేల్చి, గోడల మీద ఫొటో అంటించారు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగినట్టు, మరి ప్రారంభోత్సవం సంగతేంటని కమిటీవాళ్లు ఫోన్ చేశారు.

మర్నాడు పొద్దున్న నేనూ అమ్మా కలిసి తాళం తీశాం. నేల మీద పడి ఉండాల్సిన నాన్న బిళ్ల అక్కడ లేదు. పై వరుసలో తన కొక్కేనికి తీరుగా వేలాడుతోంది. తడిగా ఉంది. మసి పట్టి ఉంది. తాళం చెవి రాత్రంతా నా దగ్గరే ఉంది.

అమ్మ చెయ్యి వెనక్కి తిప్పి ఆనించింది. చల్లగా ఉంది. కింద బాబాయ్ బిళ్లని తాకి చటుక్కున చెయ్యి తీసేసింది.

"వచ్చేశారే" అంది. నేల మీద చతికిలబడింది. "మీ నాన్న వచ్చేశారే… పోయారే…" అంటూ ఏడ్చింది. చిన్నపిల్లలా, ముక్కు కారుతూ, ఊపిరాడనట్టు. అన్నేళ్లూ దాచుకున్న ఏడుపంతా ఆ హాల్లో ఏడ్చింది. నేనూ ఏడ్చాను. మా నాన్న చచ్చిపోయాడు. ఆ మాట అనుకోగానే ఎంత తేలికైందో, అంత నొప్పేసింది.

కరపత్రంలో ఆ వాక్యం కొట్టేయించాను. ప్రారంభోత్సవం అయింది, జనం వచ్చారు, పైకప్పు గురించి అడిగారు. కమిటీకి కొత్త అధ్యక్షుడొచ్చాడు. చురుకైన మనిషి, శాఖలో ఎప్పుడూ పనిచెయ్యలేదు. తడి నేల మీద ఎవరైనా జారి పడితే బాధ్యత ఎవరిదని, ఆ మూతి బిగించెయ్యమని ప్లంబర్ని పంపాడు. నేనెంత చెప్పినా వినలేదు. ఏమని చెప్పను?

ప్లంబర్ వచ్చేసరికి అమ్మ బండి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నాన్న వచ్చేశాక ఇక రాదనుకున్నాను. కానీ రోజూ వస్తోంది. ఎందుకమ్మా అంటే, "లోపల మనిషుంటే బయట ఒకరుండాలి కదే" అంటుంది. ప్లంబర్ పానా తీసి చక్రానికి బిగించాడు. కాస్త తిప్పాడో లేదో ధార సన్నబడింది.

ఠంగ్. ఠంగ్.

ప్లంబర్ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. గొట్టంకేసి చూశాడు, మాకేసి చూశాడు, పానా అక్కడే వదిలేసి వెళ్లిపోయాడు. అమ్మ కుర్చీలోంచి లేచి, చక్రాన్ని రెండు చేతులతో మళ్లీ తెరిచింది. ధార పెరిగాక ఒంగి, ఆ ఇత్తడి మూతి దగ్గర నోరు పెట్టింది.

"కంగారు పడకు మరిదీ" అంది. "నీళ్లు ఆపనివ్వను."