ఎండవైపు తవ్విన గుంట

నేను ఒక పారను. అలాగని మట్టి ముఖం ఎరగను. అల్యూమినియం రేకుతో చేశారు నన్ను. పిడి ఊడదీసి సంచిలో పెట్టుకోవచ్చు. మంచు కొండల మీద స్కీలతో జారేవాళ్ల వీపున తిరుగుతాను. మంచుచరియ విరిగి మనిషిని కప్పేస్తే తవ్వి తీయడానికే నా పుట్టుక. అందుకేనేమో, కుదురుగా ఉండడం నా వల్ల కాదు.

మొదటి యజమాని నన్ను మూడు శీతాకాలాలు మోసి, ఒక్కసారి బయటికి తీశాడు. అదీ నా మీద ఉల్లిపాయలు తరుక్కోవడానికి! నా ఖర్మ. తర్వాత గుల్మార్గ్‌లో ఒక పాత సామాన్ల కొట్లో పైడిరాజు కంట పడ్డాను. శ్రీకాకుళం వైపు మనిషి. సైన్యంలో హవల్దారుగా రిటైరై, అక్కడే స్కీయింగ్ నేర్పుతున్నాడు.

ఆయన పద్ధతే వేరు. ఏ వాలు దిగాలన్నా ముందు ఛాతీలోతు గుంట తవ్వుతాడు. గుంట గోడలో మంచును స్తంభంలా కోసి, నా రేకును దాని నెత్తిన పెట్టి చేత్తో కొడతాడు. మణికట్టు ఊపుతో పది, మోచేతి ఊపుతో పది, భుజం ఊపుతో పది. మధ్యలో ఏ పొరైనా జారిందా, ఇక దిగేది లేదు, ఇంటికే.

ఆయన బావమరిది సన్యాసిరావుకి ఇదంతా నవ్వులాట. "ఏటి బావా, మంచుకి నాడి సూస్తన్నావా?" అనేవాడు.

ఆ వారం మూడు రోజులు మంచు కురిసింది, గాలి వీచింది. నాలుగో పొద్దున తెరిపిచ్చింది. ఇద్దరూ కొండ కొమ్ముకి చేరేసరికి పైడిరాజు మోకాలు సలుపుతోంది. దిగాల్సింది నీడవైపు వాలు. గాలి తెచ్చి పోసిన మంచు అక్కడ పలకలా బిగిసి ఉంది, అడుగు పొర పట్టు తప్పితే పలక మొత్తం జారుతుంది. ఆయన మాత్రం దగ్గరగా, సులువుగా ఉందని ఎండవైపు తవ్వాడు. ముప్పై దెబ్బలకీ స్తంభం చెక్కుచెదరలేదు. అటు కాదయ్యా, ఇటు తవ్వు అని నా ప్రాణం కొట్టుకుపోయింది. ఆయన నన్ను ఊడదీసి సంచిలో పెట్టేశాడు.

నీడవైపు అడుగు పెట్టగానే కాళ్ల కింద మంచు గుబ్బుమని కుంగింది. లోపల పొర కూలిందంటే అలాగే మోగుతుంది. "ఒరే, ఆగరా!" అని పైడిరాజు అరిచేలోగా సన్యాసిరావు జారిపోయాడు. వాలు అడ్డంగా చీలింది. మంచంతా కదిలి కిందికి పోయింది. మనిషి లేడు.

సన్యాసిరావు ఛాతీకి కట్టుకున్న సిగ్నల్ పెట్టె దారి చూపింది. పొడవాటి చువ్వ గుచ్చితే ఒకచోట మెత్తగా తగిలింది. ఇక నా వంతు. జారి ఆగిన మంచు సిమెంటులా గట్టిపడుతుంది. మోకాలి నొప్పి ఏమైపోయిందో గానీ, ఆయన ఏడుస్తూ తవ్వాడు. నా అంచు వంకరపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు భయం వేసింది. పన్నెండో నిమిషంలో ముఖం బయటపడింది. నీలంగా ఉంది, కానీ ఊపిరి ఉంది.

సాయంత్రం ఆస్పత్రిలో అందరూ పైడిరాజుని దేవుడన్నారు. ఆయన వినలేక తల వంచుకున్నాడు. నన్ను కింద పెట్టడం కూడా మరచిపోయి మంచం దగ్గరికి వచ్చాడు.

"ఒరే సన్యాసీ, తప్పు నాదిరా. ఎండేపు తవ్వీసి, నిన్ను నీడేపు పంపీసేను."

సన్యాసిరావు ముక్కు మీది ఆక్సిజన్ మాస్కు పక్కకి లాగాడు.

"నానూ సూసేను బావా. సెప్తే ఎనక్కి ఎల్పోదామంటావని సెప్పనేదు."

నేనూ చూశాను. నాకైతే నోరు లేదు, వీళ్లకేమైంది?