అద్దంలోంచి వచ్చిన చెయ్యి

నేనొక వీధి తలుపుని. పుట్టి పెరిగింది ఇంగ్లండులో, మాట్లాడుతున్నదేమో తెలుగు అని వింతపడకండి. ఆ సంగతికి వస్తాను.

నా ఒంట్లోని పైన్ చెక్క మంచుదేశాల అడవిది. ఓడ ఎక్కి వచ్చింది. ఆ లెక్కన నేనూ వలస వచ్చినదాన్నే, కానీ ఏ దేశమని నన్నెవరూ అడగలేదు. ఇనుము కరిగించే ఊళ్ళో, పొగచూరిన ఎర్ర ఇటుక ఇళ్ళ వరసలో ఒక వడ్రంగి నన్ను నిలబెట్టాడు. నా పైసగంలో ఎర్రటి, పచ్చటి అద్దాలు బిగించాడు. ఎండ వచ్చినప్పుడు లోపల నేలమీద రంగులు పరుచుకునేవి. ఆ దేశంలో ఎండ తక్కువనుకోండి.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆ ఇంట్లో విట్లాక్ అనే వితంతువు ఉండేది. గదులు అద్దెకిచ్చేది. కిటికీలో ఒక అట్ట పెట్టింది: ‘గదులు ఖాళీ. నల్లవాళ్ళు రావద్దు.’ ఆవిడ కాలు విరిగి ఆస్పత్రిలో పడుకున్నప్పుడు, మలమూత్రాలకి కిందపెట్టే గిన్నె అందించిన నల్ల నర్సు చేతికి రంగు అడ్డం రాలేదట. నా పిడి పట్టుకునే చేతికి మాత్రం వచ్చేది.

ఒక వానరోజు ఆశీర్వాదం అనే కుర్రాడు వచ్చి నన్ను తట్టాడు. నరసాపురం నుంచి వచ్చి బస్సు కండక్టరుగా చేరిన మనిషి. ఆవిడ నన్ను బెత్తెడు తెరిచి, “అయ్యో, ఇప్పుడే నిండిపోయిందయ్యా,” అంది. మేడమీద రెండు గదులు బావురుమంటున్నాయి. ఆ సంగతి ఆవిడకి తెలుసు, నాకు తెలుసు, మెట్టుమీద తడుస్తున్న అతనికీ తెలుసు. మనుషులు ఒకరికొకరు తెలిసిన అబద్ధాన్ని ఎంత మర్యాదగా ఇచ్చిపుచ్చుకుంటారో!

కొన్నేళ్ళకి ఆవిడ పోయింది. పాతబడ్డ ఇంటిని కొడుకు అమ్మకానికి పెడితే వేరే ఎవరూ రాలేదు, ఆశీర్వాదమే కొన్నాడు. తాళంచెవి చేతిలో ఉండి కూడా మొదటిరోజు అతను నన్ను తట్టి, కాసేపు ఆగి, అప్పుడు లోపలికొచ్చాడు.

తరవాత అతని భార్య సువార్త వచ్చింది. మిషను ఆస్పత్రిలో నర్సు పని నేర్చుకున్న మనిషి. ఇక్కడా పెద్దాస్పత్రిలో నర్సుగా చేరింది. ఎస్తేరు అని ఒక్కతే కూతురు. బయట ఇంగ్లీషు మాట్లాడినా, నన్ను మూసి గడియ పెట్టగానే సువార్త నోట తెలుగు పొంగేది. నా తెలుగు ఆవిడ పెట్టిన భిక్షే.

ఆ రోజుల్లోనే ఊరి గాలి మారింది. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్ళు వేదికలెక్కి, వలస వచ్చినవాళ్ళతో దేశం పాడైపోతోందన్నారు. వాళ్ళు మాటలన్నారు, వీధుల్లో కుర్రాళ్ళు రాళ్ళందుకున్నారు. ఒకనాటి పొద్దున్న నా ఒంటిమీద తెల్లరంగుతో ఒక మాట రాసి ఉంది. సువార్త కూడబలుక్కుని చదివింది.

“పాకీ అని రాశారేంటండీ?”

“పాకిస్తాన్ వాళ్ళమనుకుని. వీళ్ళకి అందరం ఒకటేలే.”

సువార్త గుడ్డ తడిపి తెచ్చింది. “ఊళ్ళో మా తాతని ఈ మాటే అనేవోరండీ. దొడ్లు ఎత్తిపోసే పని కదా ఆయనది. ఇన్ని సముద్రాలు దాటొచ్చాం, మనకంటే ముందొచ్చి కూర్చుందే ఇది!”

తుడిచింది. రంగు పోయింది. భయం పోలేదు. ఎవరింట్లోనో తలుపు సందులోంచి మండే గుడ్డ వేశారని విన్నాక, ఉత్తరాలు వేసే నా కంతకి లోపలినుంచి చెక్క కొట్టించింది. ఎస్తేరుని వీధిలోకి పంపడం మానేసింది. అడుగుల చప్పుడైతే చాలు, పొయ్యిమీద గరిటె ఆగిపోయేది.

చలికాలం, ఒక శనివారం మధ్యాహ్నం. ఆశీర్వాదం డ్యూటీలో ఉన్నాడు. వీధి మొదట్లో కేకలు వినబడ్డాయి. గుంపు దగ్గరికొస్తూ, వలస వచ్చినవాళ్ళ ఇళ్ళు చూసుకుని మరీ తలుపులు బాదుతోంది. సువార్త ఎస్తేరుని మెట్లకింద గూట్లోకి తోసి, “ఊపిరి కూడా గట్టిగా పీల్చకమ్మా,” అని, రొట్టెలకర్ర పట్టుకుని నా వెనక నిలబడింది.

బూట్లతో తన్నారు. నా బందులు కిర్రుమన్నాయి. అంతలో పిడికిలి ఒకటి నా ఎర్రద్దాన్ని బద్దలుకొట్టుకుని లోపలికొచ్చింది. గడియ కోసం తడుముతోంది. సువార్త కర్ర ఎత్తింది.

దించలేదు. ఆ చెయ్యి మోచేతి మడతకింద చీరుకుపోయి నెత్తురు చిమ్ముతోంది. కోసింది నా అద్దమే. ఆవిడ కర్ర పారేసి ఆ చేతిని రెండు చేతులా ఒడిసిపట్టింది.

బయటివాడు కెవ్వుమన్నాడు. “పట్టుకుంది! నన్ను పట్టుకుందిరోయ్!”

“లాక్కోకు! గాజు ఇంకా దిగుతుంది. కదలకు!” అని సువార్త ఇంగ్లీషులో అరిచింది.

తోటివాళ్ళకి అది వినబడలేదు. వాణ్ని విడిపించాలని ఇంకా గట్టిగా తన్నారు. తన్నినప్పుడల్లా నేను ఊగాను. ఊగినప్పుడల్లా నాలో మిగిలిన గాజుకొన ఆ చేతిలోకి దిగింది. తలుపుకి భయముంటుందా అంటారేమో. ఆ రోజు నాకు తెలిసింది.

“ఆపమని చెప్పు వాళ్ళకి! చచ్చిపోతావు!”

“ఆగండ్రా... తన్నకండ్రా...” వాడి గొంతు పీలగా వచ్చింది. నెత్తురు చూసిన స్నేహితులు ఆగారు. ఆగి, పారిపోయారు.

సువార్త చీరచెంగుతో వాడి జబ్బకి మెలిపెట్టి కట్టి, బొటనవేలితో నరాన్ని అదిమింది. పగిలిన కంతలోంచి వాడి కన్ను ఒక్కటే కనబడుతోంది. పేరడిగితే టెర్రీ అన్నాడు. పదహారేళ్ళట. ఆవిడ వేళ్ళు ఉక్కులా ఉన్నాయి.

“అమ్మా, దొంగ వెళ్ళిపోయాడా?” గూట్లోంచి ఎస్తేరు.

“దొంగ కాదమ్మా, దెబ్బ తగిలిన పిల్లోడు. నువ్వు రాకు.”

ఎదురింటి తెర వెనక ఇంతసేపూ చూస్తున్నవాళ్ళు ఎవరో ఫోన్ చేసినట్టున్నారు. అంబులెన్సుకంటే ముందు పోలీసు వచ్చాడు. కంతలోంచి తొంగిచూసి మొదట అడిగిన మాట, “కత్తి ఎక్కడ?”

సువార్త నరం మీంచి బొటనవేలు తియ్యలేదు. గుంపు తన్నినప్పుడు కూడా ఆవిడ అంతగా భయపడలేదు. ఉద్యోగం, ఇల్లు, గూట్లో పిల్ల, అన్నీ ఆ ఒక్క ప్రశ్నలో ఊగాయి.

పారిపోయినవాళ్ళు చెప్పారేమో, అంతలో పక్కవీధినుంచి టెర్రీ తల్లి చెప్పులు జారిపోతున్నా పరిగెత్తుకొచ్చింది. “వదులు నా బిడ్డని! తియ్యి నీ చేతులు!”

“వదలమనకమ్మా,” అన్నాడు టెర్రీ. పెదాలు తెల్లబడ్డాయి. “అద్దం నేనే పగలగొట్టాను. ఆవిడ వదిలితే పోతాను.”

అంబులెన్సువాళ్ళు గాజు తప్పించి, చేతిని ఆవిడ చేతుల్లోంచి తీసుకున్నారు. పోలీసు టోపీ సర్దుకున్నాడు. క్షమించమని మాత్రం అనలేదు. సువార్త నేలమీద కూలబడింది. వేళ్ళు కొంకర్లుపోయి విచ్చుకోలేదు.

చీకటిపడ్డాక ఆశీర్వాదం అద్దం పగిలిన నా కంతకి చెక్క కొడుతూ, “మనూరెళ్ళిపోదామే,” అన్నాడు.

“సోమవారం నాకు డ్యూటీ ఉందండి,” అంది సువార్త.

కుర్రాడు బతికాడని ఆస్పత్రిలో ఎవరో చెప్పారు. కొన్ని వారాల తరవాత ఒక సాయంత్రం అతని తల్లి వచ్చింది. చేతిలో గుడ్డ కప్పిన పళ్ళెం. నన్ను తట్టడానికి చెయ్యెత్తింది. మెట్టుమీద అడుగులు విని సువార్త వంటింట్లోంచి వచ్చి నా వెనక నిలబడింది. బయటెవరో తెలియక ఊపిరి బిగబట్టింది. ఇవతల ఒకరు, అవతల ఒకరు. ఇద్దరి గుండెల చప్పుడూ నా చెక్కలో వినబడుతోంది. తెరుచుకుందామని ఎంత కొట్టుకున్నానో! కానీ తనంతట తాను తెరుచుకునే తలుపుని ఏ వడ్రంగీ చెయ్యడు.

టెర్రీ తల్లి చెయ్యి దించుకుంది. వెళ్ళిపోయింది. లోపల సువార్త ఇంకా చాలాసేపు అలాగే నిలబడి ఉంది.

ఏళ్ళు గడిచి, ఇప్పుడు నన్ను ఊడదీశారు. పాత సామాన్ల అడితిలో గోడకి చేరగిలబడి ఉన్నాను. ముందూ లేదు వెనకా లేదు, రెండువైపులా ఒకే గాలి. నా ఒంటినిండా తన్నుల గుర్తులున్నాయి. కొనడానికొచ్చినవాళ్ళు వాటిని తడిమి చూస్తారు. నాకవేం నొప్పి లేదు. తగలకుండా పోయిన ఆ ఒక్క తట్టు మాత్రం ఇప్పటికీ సలుపుతుంది.