పర్వాలేదుకెన్ని మార్కులు?

రాగిముద్ద తుంచి, ఆకుకూర పులుసులో అద్ది, మింగి, "పర్వాలేదు" అన్నాడు నాగరాజ. మాకు పెళ్ళయి పద్నాలుగేళ్ళు. కన్నడ సీమలో ఉన్న మా చింతామణి ఊరి బజారు వీధిలో దినుసుల అంగడి నడిపే ఈ మనిషి, షాపులో ఉన్న సరుకంతా తడుముకోకుండా పేరు పేరునా చెప్పగలడు. నా వంటకు మాత్రం ఒక్కటే మాట. ఉప్పు మరిచిన రోజూ పర్వాలేదు, పండగ రోజూ పర్వాలేదు. కన్నడం మాట్లాడే వ్యాపారులెవరైనా భోజనానికి ఆగితే వాళ్ళ ముందు "పరవాగిల్ల" అంటాడు. భాష మారుతుంది గాని మార్కులు మారవు. వంటింటి గడపలో గరిటె పట్టుకొని నిలబడి, అతని దవడ కదలడం చూస్తూ, మింగేదాకా ఊపిరి బిగబట్టడం నాకు అలవాటైపోయింది. ఆ అలవాటు తలుచుకుంటే నాకే ఒళ్ళు మండుతుంది.

ముప్పై ఏడేళ్ళకు బీఎడ్‌లో చేరాను. క్లాసులో పిల్లలు మామూలుగా నన్ను "ఆంటీ" అంటారు, నోట్సు కావాలంటే "అక్కా" అంటారు. ఒకరోజు మా స్మిత మేడం మౌల్యమాపన పాఠం చెప్పారు. మౌల్యమాపన అంటే మన మూల్యాంకనమే, కన్నడంలో. అది రెండు రకాలట. పిల్ల నేర్చుకుంటూ ఉండగానే చూసి, ఎక్కడ తడబడుతున్నదో చెప్పి చెయ్యందించేది ఒకటి. అంతా అయిపోయాక నువ్వింత అని తేల్చేసేది రెండోది. "మార్కు పడేసి ఊరుకుంటే పిల్లకేం తెలుస్తుంది? ఏది బాగుందో, ఏది బాగలేదో, ఇకపై ఏం చెయ్యాలో చెప్పాలి" అన్నారు మేడం. ఆ తరువాత బోర్డు మీద "నిరంతర, వ్యాపక మౌల్యమాపన" అని రాశారు. అంటే ఎప్పుడూ, అన్ని వైపుల నుంచీ పరీక్షిస్తూనే ఉండడం. నాకు నవ్వాగలేదు. ఎందుకమ్మా నవ్వుతున్నావని అడిగితే, "ఇది మా అత్తగారింట్లో పద్నాలుగేళ్ళుగా జరుగుతాండాది మేడం" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. పెళ్ళయినవాళ్ళం ఇంకొంచెం ఎక్కువసేపు నవ్వాం.

సరే, మొదట చెప్పిన ఆ పర్వాలేదు అయ్యాక నేను అసలు సంగతి చెప్పాను. బోధనాభ్యాసానికి నాకు బట్లహళ్ళి హైస్కూలు వేశారు. పై నెల మొదలు పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి గాని ఇల్లు చేరను. బడిలో పాఠాలు చెప్పకపోతే బీఎడ్ లేదు.

"మద్దేనం ముద్ద ఎవురు చేస్తారమ్మా?" అంది మా అత్త మీనాక్షమ్మ. మొదటి ప్రశ్నే అది. బడి ఎంత దూరం, బస్సు ఎన్నింటికి, పిల్లలు ఎట్లాంటివాళ్ళు, ఏదీ కాదు. "నా భుజం పట్టేసిండాది, ముద్ద కట్టె తిప్పల్యాను. పొద్దున చేసి పెట్టిపోతే రాయి అయిపోతాది."

"వచ్చే ఏడు చేసుకో" అన్నాడు నాగరాజ, చెయ్యి కడుక్కుంటూ. "బట్లహళ్ళి యాడికీ పోదు."

ఈ "వచ్చే ఏడు" నాకు పాత చుట్టం. డిగ్రీ అయినప్పుడు వచ్చింది, కూతురు ఆశ పుట్టినప్పుడు వచ్చింది, మామ సుబ్బరాయప్ప మంచం పట్టినప్పుడు వచ్చి ఆయన పోయేదాకా మా ఇంట్లోనే తిష్ఠ వేసింది. ఇంటి పని, మధ్యాహ్నం అంగడికి పొట్లాలు కట్టే పని, అన్నీ ఈ ఏడే చెయ్యాలి. నా పని ఒక్కటే వచ్చే ఏడు.

"అయితే మీరే నేర్చుకోండి" అన్నాను. "నేను నేర్పిస్తా."

"నేనా? ముద్దా?"

వక్క నములుతున్న అత్త నోరు ఆగిపోయింది.

"నెల దినాలుండాయి. నెలాఖరు ఆదివారం మీరొక్కరే చేసి పెట్టాల. మీకు రాకపోతే నేనే మానుకుంటా. బట్లహళ్ళీ వద్దు, బీఎడ్డూ వద్దు."

పౌరుషానికి అనేశాను గాని, అన్నాకే తెలిసొచ్చింది. పరీక్ష తప్పితేనే లాభమున్న విద్యార్థిని ఏరి కోరి తెచ్చుకున్నాను. అట్లాంటివాడికి ఏం చెయ్యాలో మా పుస్తకాల్లో ఎక్కడా రాయలేదు.

మొదటి రోజు చేసి చూపించాను. రెండో రోజు పక్కన నిలబడి చేయించాను. మరుగుతున్న ఎసట్లో పిండి పోసి, అది ఉడికేదాకా కదిలించకుండా ఆగి, ఆ తరువాత కట్టెతో గట్టిగా తిప్పాలి. నాగరాజ పోసీ పొయ్యకముందే తిప్పేశాడు. కట్టె బయటికి తీసి, గెలిచినవాడి మొహం పెట్టుకొని, "చూడు, రాల్యా. మగోళ్ళ చేతికి వచ్చేది కాదులే ఇది" అన్నాడు.

"దినామూ మూటలెత్తే చేతికి రాదా?" అన్నాను.

ఆ ముద్దనే అందరికీ పెట్టాను, అతనికి కూడా. "నాన్నా, దీంట్లో గోలీలుండాయి" అంది ఆశ. అత్త సగం లేచి, "బిడ్డ ఆకలితో ఉండాది, రెండు నిమిషాల్లో నువ్వు చేసెయ్యమ్మా" అంది. నేను కదల్లేదు. నేర్పడంలో కష్టమైన పని చెప్పడం కాదు, మన చేతులు మనం కట్టేసుకోవడం. నా చేతులు ఆ కట్టె కోసం దురద పెట్టాయి, నిజం.

"ఈ ఉండలు ఎందుకొచ్చినాయంటారు?" అని అడిగి ఊరుకున్నాను. ప్రశ్న వేశాక ఆగాలంటారు స్మిత మేడం. మనమే జవాబు చెప్పేస్తే పిల్లకు ఆలోచించే పని ఉండదట.

అతను చాలాసేపు నమిలాడు. "పిండి పాతదేమో."

"మీ అంగడిదే."

ఆ మాట తగలవలసిన చోట తగిలింది. తన అంగడి పిండిని తనే తిట్టుకున్నానని అర్థమైనట్టుంది. ఎంగిలి చెయ్యి కడుక్కొని, డబ్బా మూత తీసి, పిండి వాసన చూసి, రెండు వేళ్ళతో నలిపాడు. పుట్టినప్పటి నుంచీ రాగుల మధ్య పెరిగినవాడు, చెయ్యి తగిలితే చాలు చెప్పేస్తాడు. "పిండిలో తప్పు లేదు" అన్నాడు గట్టిగా.

"మరి తప్పు యాడుండాది?"

డబ్బా వైపు చూశాడు, కుండ వైపు చూశాడు. "నేను తొందరగా తిప్పేసినానా?" అన్నాడు, నెమ్మదిగా. నాకు లేచి గంతులెయ్యాలనిపించింది. పెదవి కొరుక్కొని కూర్చున్నాను.

వారం తిరక్కముందే ఎదురింటి హనుమక్క నవ్వుకుంటూ వచ్చింది. "ఏమమ్మా రంజితా, మీ ఆయప్పకు ఏమైందే? రాగిపిండి కొనేవాళ్ళనంతా నిలబెట్టి, ఎసరు ఎంత పెడతారు, కట్టె ఎప్పుడు తిప్పుతారు అని అడుగుతాండాడు!" ఓడిపోతే తనకే లాభమన్న సంగతి నా విద్యార్థి మరిచిపోయాడు. అంగట్లో ఒకరి దగ్గర విన్నది ఇంట్లో చేసి చూస్తున్నాడు, చెడిపోతే మరుసటి రోజు ఇంకొకరిని అడుగుతున్నాడు. ఇల్లు కట్టేటప్పుడు గోడకు సారవ కడతారు, గోడ నిలబడ్డాక విప్పేస్తారు, నేర్పడం కూడా అంతే అని మేడం చెప్పేవారు. నేను పొయ్యి పక్క నుంచి గడపకు, గడప నుంచి నడవలోకి జరిగాను. అత్తను జరపడమే గగనమైంది. కొడుకు చెయ్యి కాలుతుందని కాసేపు, పిండి వృథా అని కాసేపు లోపలికి పరుగెత్తేది. ఆశ తలకు నూనె పెట్టమని కూర్చోబెట్టి ఆపాను. ఆ నెలంతా ఆశ జుట్టు నిగనిగలాడింది.

నెలాఖరు ఆదివారం వచ్చింది. పులుసు నేను ముందే చేసి పెట్టి నడవలో కూర్చున్నాను. లోపల కుండకు కట్టె తగిలే చప్పుడు వినిపిస్తోంది. నా బట్లహళ్ళి ఆ కుండలో ఉడుకుతోంది. చివరికి అతను కంచం తెచ్చి నా ముందు పెట్టాడు. పొగలు కక్కుతూ, నున్నగా, గుండ్రంగా ముద్ద. పెట్టాక కూర్చోలేదు. భుజం మీద తుండుతో, చేతిలో కట్టెతో, వంటింటి గడపలో నిలబడి నా దవడ వైపే చూస్తున్నాడు.

ఆ నిలబడడం నాకు తెలుసు. ఆ చోటు నాది.

తుంచి, అద్ది, మింగాను. ఒక్క ఉండ లేదు. ఎంత సంతోషమేసిందంటే, అంగట్లోకి పరుగెత్తి అందరికీ బెల్లం పంచాలనిపించింది. నోటి నుంచి మాత్రం ఒకే మాట వచ్చింది.

"పర్వాలేదు."

అతని ముఖం వాడిపోయింది. "అంతేనా? ఇంతసేపు చెమటలు కార్చి చేస్తే పర్వాలేదా? ఏమి బాగుండాదో, ఏమి బాగల్యాదో చెప్పేది లేదా? అసలు పర్వాలేదంటే ఎన్ని మార్కులు?"

"నాకేం తెలుసు?" అన్నాను. "పద్నాలుగేళ్ళ నుంచీ వేస్తాండేది మీరు గదా."

నాగరాజ కట్టె దించాడు. ముందు నవ్వింది అత్త. ఆశ జుట్టు వదిలేసి, నూనె చేతులతోనే కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "మీ నాయిన గూడ అంతే నాగా. పోయేదాకా అదొకటే మాట. నేను బాగ వండుతానో లేదో నాకు ఈపొద్దుకీ తెలీదు."

అప్పుడు సరిగ్గా చెప్పాను. ఉండలు కట్టలేదు, బాగా ఉడికింది, ముద్ద అంచులు పగల్లేదు, అడుగు మాత్రం ఒకింత మాడింది, ఇంకోసారి మంట తగ్గించాలి. అతను ఒక్కో మాటకూ తల ఊపుతూ విన్నాడు. తరువాత తనూ కూర్చొని, తుంచి, నా పులుసులో అద్ది, మింగి, "ప..." అని ఆగిపోయాడు. మాటల కోసం పాపం నానా తంటాలు పడ్డాడు.

"తాలింపు బాగుండాది" అన్నాడు చివరికి. "ఉల్లిగడ్డ తియ్యగా తగులుతాండాది. చింతపండే రవ్వంత ఎక్కువైనట్టుండాది."

పద్నాలుగేళ్ళకు నా వంటలో తప్పు పట్టాడు! కళ్ళు చెమర్చాయి. ఇంకో ముక్క అద్దుకొని చూశాను, నిజమే, పులుపు ఎక్కువే.

"రేపు మీరు చేసేటప్పుడు తగ్గించి వేయండి" అన్నాను.

"రేపా? పులుసూ నేనేనా?"

"రేపు నేను బట్లహళ్ళిలో ఉంటాను గదా."