అత్తయ్య పట్టుకుపోయిన ముడి

పొట్టి వెదురు పొదలు మా వంటింటి నేలలోంచి మొలిచి ఉన్నాయి, మోకాలెత్తు దాటవు, ఆకుల మీద మంచు కరగకుండా ఉంది, కింద నేల మాత్రం పొయ్యి వేడికి కాలుతోంది, ఆ పొదల మధ్య మా అత్తయ్య గొంతుక్కూర్చుని కత్తితో వెదురు కర్రను బద్దలుగా చీలుస్తోంది. ఆకులు రాలే కాలంలో పోయిన మనిషి. నేనే ఆఖరి స్నానం చేయించాను, నేనే గుడ్డ చుట్టాను. అయినా ఆమెను చూడగానే నాకు ఏడుపు రాదు, ఒళ్ళు మండుతుంది.

"వచ్చావటే? కాస్త ఈ ఆకులతో టీ కాచు, గొంతు ఎండిపోతోంది," అంటుంది, ఇప్పుడే పక్కింటికి వెళ్ళొచ్చినట్టు.

"టీ సంగతి తర్వాత. ముందు ఆ ముడి చెప్పండి," అంటాను.

ముడి అంటే జొరి ముడి. బియ్యం గాలించి రాళ్ళు వదిలించే చిన్న బుట్ట గరిటను మా జిరిసాన్ కొండ ఊళ్ళలో జొరి అంటాం. కొత్త సంవత్సరం నాడు దాన్ని జంటగా గోడకు తగిలిస్తే, బియ్యాన్ని తేల్చినట్టే అదృష్టాన్నీ ఇంట్లోకి తేల్చుకొస్తుందని నమ్మకం, అందుకే ఆ రోజు దాన్ని ఎవరూ బేరమాడరు. వెదురు కోసేది నేను, చీల్చేది నేను, నానబెట్టేది నేను, అల్లేది నేను. చివర బద్దలన్నీ గుప్పిట్లోకి దూసి పిడి కట్టే ముడి మాత్రం అత్తయ్యది. నేను తొంగిచూస్తే వీపు తిప్పేసేది. ఇప్పుడు పండగ ముంగిట్లో ఉంది, గది నిండా ముడి పడని జొరిలు విచ్చుకుపోతున్నాయి. పాతవి విప్పి చూస్తే చేతిలో బద్దలు మిగిలాయి గానీ దారి దొరకలేదు. ఈ ఏడు మా జొరి గోడకెక్కకపోతే, అత్తతోనే ఆ ఇంటి పనితనం పోయిందని ఊరంతా అంటుంది. అంటే ఇన్నేళ్ళూ నావి చేతులే కావన్నమాట!

వంటింటి గోడ ఎప్పుడు పోయిందో తెలియదు, మేము కొండవాలు మీద ఉన్నాం, ఆమె ఒక్క ఆకు కదలకుండా వెదుళ్ళలోంచి నడిచిపోతోంది, నేను పిక్కలు గీరుకుపోతూ వెంటపడుతున్నాను.

"ఆగండి అత్తయ్యా! బతికున్నన్నాళ్ళూ సాధించారు, పోయాకైనా వదలరా నన్ను?"

"నోరు లేస్తోందే నీకు."

"లేవదూ మరి? జ్వరమొస్తే ఇదే ఆకు కాచి పోసిందెవరు? మంచాన పడితే ఎత్తి కూర్చోబెట్టిందెవరు? ఒక్క ముడి నా చేతిలో పెట్టడానికి మీకు మనసొప్పలేదు!"

ఆమె ఆగి వెనక్కి తిరుగుతుంది, ముఖం ఒకసారి ముసలిదిగా, ఒకసారి నాకంటే చిన్నదిగా కనిపిస్తోంది.

"అదీ నేర్పేస్తే ఇక నాతో పనేముందే నీకు? ఓ మూల కూర్చోబెట్టి గంజి పోసేదానివి."

"అలా చేసేదాన్ని కాదు!" అని అరుస్తాను. "నన్ను అడిగితే చెప్పేదాన్ని కదా! ఎప్పుడైనా అడిగారా?"

"భయం అడగనిస్తుందా?"

ఆ మాటకు నా కోపం తగ్గాలి, తగ్గదు సరికదా ఇంకా పెరుగుతుంది, ఇంతోటి భయానికా ఇన్నేళ్ళూ నాకు వీపు చూపించింది అని. ఆమె చెయ్యి లాగి, అందులో నా జొరి కుక్కుతాను. "వెయ్యండి. నా కళ్ళముందే వెయ్యండి."

వేస్తుంది. ఎడమ బొటనవేలితో నొక్కిపట్టి, బద్దను వెనక నుంచి చుట్టి, మళ్ళీ చుట్టి, కొసను ఆ వేలి కిందుగానే వెనక్కి లాగుతుంది. "మళ్ళీ," అంటాను. నేనలా అంటుండగానే మంచు దట్టంగా పడి ఆమె చేతులను కప్పేస్తుంది, నేను రెండు చేతులా మంచును తోడిపోస్తూ తిడుతూనే ఉంటాను.

కళ్ళు తెరిచేసరికి బాగా తెల్లారింది. మా ఆయన దొక్‌సు గడప మీద కూర్చుని, కొండకు వెళ్ళే బూట్లకు తాళ్ళు కట్టుకుంటున్నాడు. ఎడమ బొటనవేలితో నొక్కిపట్టి, వెనక నుంచి చుట్టి, మళ్ళీ చుట్టి, కొసను వేలి కిందుగా వెనక్కి లాగాడు.

"అదెవరు నేర్పారు మీకు?"

"ఏది, ఇదా? అమ్మే. చిన్నప్పుడు. ఏం?"

పెళ్ళయిన నాటి నుంచీ రోజూ నా ఎదురుగానే కట్టుకుంటున్నాడు, మహానుభావుడు. గది నిండా పడి ఉన్న జొరిల్లో ఒకదాన్ని తెచ్చి ఆయన ఒళ్ళో విసిరికొట్టాను.

"విప్పండి ఆ బూటు," అన్నాను. "మళ్ళీ కట్టండి. మెల్లగా, నాకు కనపడేట్టు."