ఐతమ్మ చెయ్యెత్తి చూపిన వేళ

నేను ఒక గోడ గడియారాన్ని. ఇంత చిన్న మాట చెప్పుకోవడానికే నాకు గర్వం ముంచుకొస్తుంది, ఏం చేయను! గుండ్రటి ముఖం, బంగారు రంగు అంచు, ఎర్రటి సెకన్ల ముల్లు. ఫ్యాక్టరీలో నన్ను బిగించిన అమ్మాయి ఏదో కూనిరాగం తీస్తూ ముళ్ళు పెట్టింది. ఆ రాగం నాలో ఎక్కడో ఉండిపోయిందని నా నమ్మకం.

హోల్‌సేల్ కొట్టులో, అట్టపెట్టెలో చాన్నాళ్ళు నిద్రపోయి ఒక పెళ్ళిలో మేలుకున్నాను. మనుషుల సంగతి తెలుసు కదా, పెళ్ళి పిలుపు రాగానే వెళ్ళి గడియారం కొంటారు. ఆ ఇంటికి నాతో కలిపి పదకొండు వచ్చాం. ఉన్నవి నాలుగు గోడలు. పెళ్ళికూతురి తండ్రి ఏజెన్సీ అంచున ఉన్న ఓ ఆసుపత్రిలో కాంపౌండరు. పుణ్యానికి పుణ్యం, ఇల్లు ఖాళీ అవుతుంది అనుకుని నన్ను తీసుకెళ్ళి క్యాజువాలిటీ గోడకు తగిలించాడు. నా ముఖం మీద తన పేరు రాయించడం మాత్రం మరిచిపోలేదు.

అక్కడ నా వైభోగం చూడాలి! పక్షవాతం కేసు వస్తే మరీను. తలలో గడ్డకట్టిన రక్తాన్ని కరిగించే సూదిమందు ఒకటుంది. జబ్బు మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి, దాటితే ఇవ్వరు. అందుకని ఎవరొచ్చినా మొదటి ప్రశ్న, "ఎన్నింటికి మొదలైంది?" అది వినగానే నేను నిటారుగా సర్దుకునేదాన్ని.

నాకు ఎదురుగా తూర్పు కిటికీ. పొద్దు అందులో మెల్లమెల్లగా ఎక్కుతుంటే నేనూ దానితోపాటు తేలిపోతున్నట్టు ఉండేది. అది ఎక్కడుంటే నా ముళ్ళు ఎక్కడుంటాయో నాకు కంఠతా వచ్చు.

ఆ రోజు పదకొండూ నలభైకి జోగయ్య అనే కోయ మనిషిని ఆటోలోంచి దించారు. జీలుగు చెట్లెక్కి కల్లు గీసేవాడు. మూతి ఒక పక్కకు పోయింది, కుడి చెయ్యి వేలాడుతోంది, మాట ముద్దముద్దగా వస్తోంది. బట్టల నిండా కల్లు వాసన. భార్య ఐతమ్మ ఆ వేలాడే చేతిని వదల్లేదు.

"తాగాడా?" అన్నాడు డ్యూటీ డాక్టరు శశాంక్.

"తాగలే సారూ. చెట్టు దిగిండు, పడ్డడు."

"ఎన్నింటికి?"

ఐతమ్మ కిటికీ వైపు తిరిగింది. చెయ్యి చాచి, పైకెత్తి, ఆకాశంలో ఒకచోట నిలిపింది. "పొద్దు గాడుండె."

అబ్బ, ఏం చెయ్యి అది! వణుకు లేదు, తడబాటు లేదు. సరిగ్గా తొమ్మిది. నేనైతే రెండు నిమిషాలు ముందుంటాను, ఆ సంగతి ఎవరికీ చెప్పకండి.

"టైం అడిగితే ఆకాశం అంటుందేంటి" అని నా వంకే చూస్తూ గొణిగి డాక్టరు చీటీ రాశాడు. మద్యం మత్తు, మొదలైన సమయం తెలియదు. సెలైన్ పెట్టించి మూల మంచానికి పంపించాడు.

పది నిమిషాలకు రైసుమిల్లు పట్టాభిరామయ్యగారిని తెచ్చారు. అదే మూతి, అదే చెయ్యి. ఎన్నింటికని అడిగితే కొడుకు బుర్ర గోక్కున్నాడు. "టిఫిన్ అయ్యాకండీ... తొమ్మిదో, తొమ్మిదిన్నరో, పదో అయ్యుంటుంది." డాక్టరు తొమ్మిదీ ముప్పై అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి స్కానింగుకి పరుగెత్తించాడు. సూది పడింది. గంటకల్లా ఆయన కొడుకుని పేరు పెట్టి పిలిచారు. ఆయన బాగుపడ్డందుకు నాకు సంతోషమే. అయినా ఒళ్ళు మండిపోయింది.

జోగయ్యకు గడువు ఒంటిగంటన్నర. అది దాటితే ఆ చెయ్యి మళ్ళీ చెట్టు పట్టుకోదేమో. నా ముళ్ళని బిగబట్టి ఆపాలని చూశాను. ఇంతలో కల లాంటిదేదో కమ్మింది. నేను గోడ మీద లేను. కొండ మీద జీలుగాకుల మధ్య వేలాడుతున్నాను. ఐతమ్మ చెయ్యే నా ముల్లు. ఆమె కదిలిస్తేనే పొద్దు కదులుతోంది, ఆమె కదిలించడం లేదు. జోగయ్య నెమ్మదిగా చెట్టెక్కుతున్నాడు, దిగుతున్నాడు, మళ్ళీ ఎక్కుతున్నాడు. ఇంకా తొమ్మిదే. ఎంతసేపైనా తొమ్మిదే.

తెలివొచ్చేసరికి ఒకటీ ముప్పై ఐదు.

రెండింటికి డ్యూటీ మారి నర్సు రాజేశ్వరి వచ్చింది. ఆమెదీ కోయ ఊరే. జోగయ్య మూతి చూసి ఉలిక్కిపడి, ఐతమ్మను తమ భాషలో ఏదో అడిగింది. ఐతమ్మ మళ్ళీ చెయ్యెత్తింది, అదే చోటికి.

"సార్, ఇది మత్తు కాదు, పక్షవాతం! తొమ్మిదింటికి పడ్డాడు. మా వాళ్ళు టైం ఇలాగే చెప్తారు సార్."

డాక్టరు పరుగున వచ్చాడు. స్కానింగులో పక్షవాతమేనని తేలింది. సూది వేళ మాత్రం దాటిపోయింది.

"ముందే తెలిసుంటే ఇచ్చేవాణ్ణమ్మా" అన్నాడు. చెడ్డవాడు కాదు పాపం.

ఐతమ్మ అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

"చెయ్యెత్తి చూపెట్టిన గద సారూ. అప్పుడు నువ్వు యాడ చూస్తున్నవ్?"

జవాబు నాకు తెలుసు. ఆయన నన్ను చూస్తున్నాడు.